రాని రంగు

కిందటి వారం మనం కౌన్సిల్ హాలు మెట్ల మీద ఆగాం. రంగులాయన తన అద్దకం షెడ్డు వెనకున్న ఖాళీ స్థలానికి సిమెంటు పోయించి, పైన రేకులు వేయించి, నూలు ఆరేసుకోవడానికి పెద్ద చావడి కట్టుకుంటానని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ స్థలంలో నిలిచి ఇంకే వాననీళ్లకు రేపు చోటు లేకపోతే అవి మా ఇళ్లలోకే వస్తాయని పల్లపు వీధి వాళ్లు అడ్డం తిరిగారు. వాళ్ల తరఫున లేచి మాట్లాడింది పరాయివాళ్లు కాదు, ఆ వీధికి కోడలిగా వెళ్లిన రంగులాయన పెద్దకూతురు. "మా స్థలం నీళ్లు ఊరవతల పెద్ద కాలువలోకి పోతాయి" అని తండ్రి, "కాదు, మా వీధి తూములోకే వస్తాయి" అని కూతురు. భూమిలో గొట్టాలు వేసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు, ఏది ఎటు పోతుందో చెప్పేవాళ్లూ లేరు. చివరికి ఇంజనీరమ్మ ఒక ఉపాయం చెప్పింది. స్థలంలో ఉన్న మ్యాన్‌హోల్‌లో రంగు కలిపిన నీళ్లు పోద్దాం. పల్లపు వీధి తూము దగ్గర రంగు కనిపిస్తే చావడి లేదు. కనిపించకపోతే కట్టుకోవచ్చు.

"రంగు నేనే ఇస్తానండీ. రంగులవాడింట్లో రంగుకి కరువా?" అన్నాడు రంగులాయన. హాలంతా నవ్వింది. పెద్దకూతురు నవ్వలేదు. మెట్లు దిగేటప్పుడు తండ్రి పక్కనుంచే వెళ్లింది, పలకరించలేదు.

ఇక మన చిన్నదాని సంగతి. రంగులాయన రెండో కూతురిని ఇంట్లోవాళ్లే కాదు, వీధిలోవాళ్లు కూడా "పరధ్యానం" అని పిలుస్తారు. ఒకసారి ఎర్రతొట్టిలో నూలు కట్టల్ని, అదే చిలపల్ని, ముంచి, ఉడుకు రాగానే తీసెయ్యమని నాన్న చెప్తే, ఆవిరిలో రంగు ఎలా కదులుతుందో చూస్తూ నిలబడిపోయింది. చిలపలు తీసేసరికి ఎరుపు కాస్తా పండిన నేరేడు రంగుకు తిరిగింది. వింతేమిటంటే ఆ నూలు అందరికంటే ముందు అమ్ముడుపోయింది. ఆ రంగే మళ్లీ కావాలని వచ్చినవాళ్లకు నాన్న చేతులు జోడించి, "మా అమ్మాయి మళ్లీ పరధ్యానంలో పడాలండీ, అది నా చేతిలో లేదు" అని చెప్పేవాడు.

ఆ పిల్ల నలుగురిలో నోరు విప్పి మాట్లాడటం ఎవరూ వినలేదు. ఏది చెప్పాలన్నా ముందు మనసులో చెప్పుకుంటుంది. అక్కడ బాగానే ఉంటుంది. నోటిదాకా వచ్చేసరికి మాటలు రంగు వెలిసిపోతాయి.

రంగు పోసే రోజు పొద్దున్నే సన్నగా తుంపర పడి ఆగింది. ఖాళీ స్థలంలో గడ్డి మీద నీటి బొట్లు నిలిచి, ఒక్కో బొట్టులో ఒక్కో చిన్న ఆకాశం ఉన్నట్టుంది. మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకరు ఎలాగో ఆ సందులోంచి దూరి వచ్చింది. ఇంజనీరమ్మ ప్యాంటు మడుచుకుని, రబ్బరు చెప్పులతో గడ్డిలో నిలబడింది. పనివాళ్లు ఇద్దరు రంగు డ్రమ్మును దొర్లించుకుంటూ తెచ్చారు. వాళ్ల వెనకాలే నాయనమ్మ, డ్రమ్ము తన సొంత బిడ్డ అయినట్టు, "నెమ్మది, నెమ్మది, ఒలికిపోతుంది" అంటూ వచ్చింది.

"ఒలికితే ఏంటి మామ్మా? ఎలాగూ కాలవలో పోసేదేగా" అన్నాడు ట్యాంకరు డ్రైవరు.

"పోసేదే అయినా మనం పోస్తే పోవాలి గానీ, అదే పోకూడదు నాయనా" అంది నాయనమ్మ.

నాన్న మూత తీశాడు. లోపల నీలం. మామూలు నీలం కాదు, చూపు జారి పడిపోయేంత లోతు నీలం. మన చిన్నది ఆ రంగులోకి చూస్తూ ఎప్పటిలాగే మాయమైపోయింది. కాబట్టి ఆ క్షణంలో నాన్న చెయ్యి మూత మీదే ఆగిపోవడం, ఆయన ఒకసారి నాయనమ్మ వైపు చూడటం, ఏదో అనబోయి పెదవులు బిగించుకోవడం, ఇవన్నీ ఆమె కళ్లలో పడ్డాయి గానీ బుర్రలోకి ఎక్కలేదు.

"ఇది చాలా బాగుంది. ముదురుగా ఉంది" అంది ఇంజనీరమ్మ. "పొయ్యండి."

నాన్న పోశాడు. పైనుంచి ట్యాంకరు నీళ్లు వదిలారు. నీలం సుడి తిరిగి, చీకట్లోకి జారిపోయింది.

"నువ్వు నాతో రామ్మా" అని ఇంజనీరమ్మ చిన్నదాన్ని పిలిచింది. "తూము దగ్గర ఎవరి మాట ఎవరూ నమ్మరు. నువ్వు ఈ ఇంటి పిల్లవి, ఆ ఇంటి చెల్లెలివి. నువ్వు చూస్తే రెండు వైపులా చూసినట్టే."

ఇద్దరూ ఏటవాలు వీధిలోంచి కిందికి నడిచారు. ఇంజనీరమ్మ ఏవేవో అడుగుతోంది గానీ, పరధ్యానానికి తన కాళ్ల కింద నీలం కూడా నడుస్తున్నట్టే ఉంది. తాము రొట్టెల దుకాణం దాటితే అదీ దాటుతుంది. తాము తాళాలు బాగుచేసే అతని బల్ల దగ్గర మలుపు తిరిగితే, అదీ మట్టిలో, చీకట్లో, చేత్తో గోడ తడుముకుంటూ మలుపు తిరుగుతుంది. ఎవరింటి కింద ఏ రంగు పారుతుందో ఎవరికి తెలుసు? వంట చేసుకునే ఆవిడకు తెలుసా, తన పొయ్యి కింద ఇప్పుడు ఒక చిన్న ఏరు, నెమలి మెడ రంగులో వెళ్తోందని?

పల్లపు వీధి మొత్తం తూము దగ్గరే ఉంది. అక్క చంకలో పాపని పెట్టుకుని ముందే నిలబడి ఉంది. చెల్లెలు కనిపించగానే రంగు గురించి అడగలేదు. "తిన్నావా?" అంది.

"ఊఁ."

"అబద్ధం. మొహం చూస్తే తెలియట్లా? నాయనమ్మ డ్రమ్ము హడావుడిలో పడి ఎవరికీ ఏమీ పెట్టుండదు."

పాప చెయ్యి చాపి పిన్ని ముక్కు పట్టుకుంది. తూములోంచి నీళ్లు పారుతున్నాయి. ఆ తూము ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. ఎగువ వీధులన్నిటి వాడకం నీళ్లూ చివరికి అక్కడికే చేరతాయి. అందుకే కదా అందులో ఎవరి నీళ్లు ఏవో తేల్చడానికి రంగు కావాల్సి వచ్చింది.

అందరూ వంగి చూస్తున్నారు. ఒక తెల్ల కాగితం ముక్క కొట్టుకొచ్చింది. ఒక ఆకు వచ్చింది. ఒక బుడగ వచ్చి, తూము అంచు దగ్గర ఆలోచించి, పగిలిపోయింది.

"వచ్చేస్తుంది, వచ్చేస్తుంది" అన్నాడు వీధి చివరి దర్జీ. ఆయన మెళ్లో టేపు కూడా తీయకుండా వచ్చేశాడు. కాసేపయ్యాక, "ఇంకా రాకపోతే నా దగ్గర నీలం దారం కండె ఒకటుంది. తెచ్చి వేసేస్తా, పీడా పోతుంది" అన్నాడు.

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వబోయి ఆపుకుంది.

నీళ్లు కొంచెం పెరిగినట్టనిపించింది. "పెరిగాయి! చూశారా, పెరిగాయి!" అని ఒకరు అరిచారు. "పొద్దున తుంపర పడిందిగా. పెరిగితే చాలదు, రంగు రావాలి" అంది ఇంజనీరమ్మ. నీళ్లు వస్తూనే ఉన్నాయి. తెల్లగా, తేటగా, ఏ పాపం ఎరగనట్టు. వాటి మీద ఒక్కసారి మాత్రం ఎక్కడినుంచో సన్నటి పొర తేలుతూ వచ్చింది. కొత్త రాగి చెంబు మీద ఎండ పడితే ఎలా ఉంటుందో అలాంటి మెరుపు. ఎంత బాగుందో అనుకుంటూ పరధ్యానం ఆ పొర వెంట కళ్లు పంపింది. అది ముక్కలై, కాలువ మలుపులో కరిగిపోయింది. ఆమె తలెత్తేసరికి అక్క కూడా అటే చూస్తోంది. తర్వాత అక్క పాపని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. మొహంలో ఏమీ లేదు.

ట్యాంకరు ఖాళీ అయిందని పైనుంచి కబురొచ్చింది. ఇంజనీరమ్మ ఇంకాసేపు చూసింది. ఆవిడ మొహం కూడా సంతోషంగా ఏమీ లేదు.

"రంగు రాలేదు" అంది.

పల్లపు వీధి ఒక్కసారి చిన్నదైపోయినట్టనిపించింది. ఎవరూ గొడవ చెయ్యలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. దర్జీ మెళ్లో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ, "ఈసారి కుట్టుమిషను అటకెక్కించెయ్యాలి. ఎక్కిస్తే ఇక కుట్టేదెలాగ?" అని తనలో తనే అనుకుంటూ వెళ్లిపోయాడు. అక్క చెల్లెలి తల మీద ఒక్కసారి చెయ్యి వేసి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

తిరిగి వెళ్లే దారిలో ఇంజనీరమ్మ ఆగింది. "రేపు హాల్లో ఛైర్మన్‌గారు నిన్నే అడుగుతారు. చూసింది చెప్పు. అది కాక నీకింకేమైనా అనిపిస్తే అది కూడా చెప్పు. నేను గొట్టాల మనిషిని, రంగుల మనిషిని కాదు." ఆవిడ చూపు నిదానంగా, దీపం ఒత్తి పెంచినట్టుగా ఉంది.

పరధ్యానం తల ఊపింది.

ఇంటి దగ్గర పండగలా ఉంది. నాన్న పనివాళ్లందరికీ టీ తెప్పించాడు. చావడి ఎటు తిరిగి ఉండాలో, గాలి ఎటునుంచి రావాలో చేతులతో గాలిలో గీసి చూపిస్తున్నాడు. ఆ గీతల్లో అప్పుడే రేకులు లేచాయి, దండేలు కట్టారు, ఎర్రవీ పసుపువీ చిలపలు వేలాడాయి. నిజంగానే ఎంత బాగుందో! వానాకాలం వస్తే ఈ ఇంట్లో ఎంత బాధో ఆమెకు తెలియదా? పోయినేడాది నూలు ఆరక మంచాల మీద, కుర్చీల మీద, కిటికీ చువ్వల మీద ఆరేశారు. ఆమె తడి చిలపల కింద పడుకునేది. నిద్రలో మొహం మీద రంగు బొట్లు పడేవి. పొద్దున్నే అమ్మ, "ఇవాళ ఏ రంగు కల వచ్చిందే?" అని బుగ్గ తుడిచేది. అయినా సగం నూలు బూజు పట్టింది. పనివాళ్లను ఇంటికి పంపించేశారు. ఈ ఏడు కూడా అలాగే అయితే తొట్లు బోర్లించడమే అని నాన్న అనడం, గోడ అవతలనుంచి ఆమె విన్నది.

అందుకే మనసులో మెదిలే అనుమానం ఎవరితోనూ అనకుండా, ఎవరికీ కనబడకుండా తొట్ల గదిలోకి వెళ్లింది. ఆ గదిలో ఎప్పుడూ చల్లగా, మసకగా ఉంటుంది. నాయనమ్మ ఒక మూల కూర్చుని గరిటెలు తోముతోంది.

"నాయనమ్మా, డ్రమ్ములో ఎరుపు పోస్తానన్నాడుగా నాన్న? నీలం ఎలా వచ్చింది?"

"ఎరుపా?" నాయనమ్మ గరిటె ఎత్తి పట్టుకుంది. "కాలవలో పొయ్యడానికి మంచి ఎరుపు పొయ్యాలా? మీ నాన్నకి కూతురి మీద పంతంతో మతి పోయింది గానీ నాకు పోలేదు. నీలితొట్టి అడుగు పారబోసే వేళైంది కదా, అదే డ్రమ్ములోకి వంపించాను. రంగు రంగే! దారిన పోయే నీళ్లకి ఏ రంగైతే ఏంటి?"

ఆ ఇంట్లో ఎవరూ మంచి రంగు పారబొయ్యరు. నాయనమ్మ అత్తగారి కాలంనుంచి అంతే. పనైపోయిన రంగు, అడుగున మిగిలిన రంగు, అదే కాలవకి. చెయ్యి దానంతట అదే అటు పోతుంది.

పరధ్యానం నీలితొట్టి దగ్గరికి వెళ్లింది. అడుగున కొంచెం నీళ్లు మిగిలి ఉన్నాయి. పొద్దున వంపినప్పుడు అదంతా ఒకటే నీలంగా ఉండి ఉంటుంది. ఇప్పుడు పైన తేట నీళ్లు. కింద మెత్తటి నీలపు మట్టి. తేట నీళ్ల మీద రాగి రంగు పొర.

చిన్నప్పటినుంచి రోజూ చూస్తున్నదే. మిగతా రంగులు నీళ్లలో పంచదారలా కరుగుతాయి, ఎంత దూరమైనా నీళ్లతో పాటే పోతాయి. నీలి అలాంటిది కాదు. తొట్టిలో మందులు కలిపి, గాలి తగలకుండా చూసుకుంటేనే అది కరిగి ఆకుపచ్చగా ఉంటుంది. బట్ట పైకి తీయగానే, గాలి తగిలి, కళ్ల ముందే ఆకుపచ్చ కాస్తా నీలమైపోతుంది. ఆ తర్వాత ఇక నీళ్లలో కరగదు. ఒండ్రులా అడుక్కి దిగిపోతుంది. నీలం పొయ్యగానే ఎక్కడో గొట్టం పల్లంలో కూర్చుండిపోయి ఉంటుంది. పైనుంచి తేట నీళ్లు మాత్రం తూము దాకా వచ్చాయి. రాగి పొరతో సహా.

నీళ్లు వచ్చాయి! రంగు రాలేదంతే.

"ఏంటమ్మా, టీ తాగవా?" నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె తొట్టి దగ్గర ఉండటం చూశాడు. చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "అమ్మా, నువ్వు బయట పనివాళ్లకి టీ సరిపోయిందో లేదో చూడు" అని నాయనమ్మను పంపించాడు.

ఇద్దరే మిగిలారు. పైకప్పు సందులోంచి పడే వెలుతురులో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది.

"నీకు తెలుసు కదా నాన్నా" అంది ఆమె. అంత చిన్న గొంతుతో అంది గానీ, ఆ గదిలో అది తొట్లన్నిటికీ తగిలి తిరిగొచ్చింది.

నాన్న అబద్ధమాడతాడేమో అనుకుంది. ఆడితే బాగుండునని కూడా అనుకుంది, నమ్మేసి వెళ్లిపోవచ్చు కదా.

"మూత తీసేదాకా తెలియదు" అన్నాడు నాన్న. "నేను ఎరుపే ఎత్తమన్నాను. ఎత్తింది మా అమ్మ. పోసింది మాత్రం నేనే. చూసి కూడా నోరు మూసుకున్నది నేనే."

"ఆపాల్సింది."

"ఆపాల్సిందే. ఇంజనీరమ్మ 'చాలా బాగుంది, పొయ్యండి' అంది. ఎవరో నా చెయ్యి పట్టుకుని పోయించినట్టయింది." తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. గోళ్ల కింద ఎప్పటికీ పోని రంగు. "నేను మోసం చెయ్యలేదు కదే! వెతుక్కుంటూ వచ్చింది. వచ్చిన అదృష్టాన్ని తన్నేవాడిని ఎప్పుడైనా చూశావా?"

"అక్క ఇంట్లోకి నీళ్లు వస్తాయి."

"ఇప్పుడు రావట్లేదా? ఇప్పుడూ వస్తున్నాయి!"

"ఇప్పుడు గుమ్మం దాకా వస్తున్నాయి. మన స్థలం కూడా సిమెంటు అయిపోతే పాప ఉయ్యాల దాకా వస్తాయి."

నాన్న గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆవిడగారికి తండ్రి కంటే వీధి ఎక్కువైంది" అన్నాడు. అక్కతో మాటలు పోయినప్పటినుంచి ఆయన అక్కని "ఆవిడగారు" అంటున్నాడు. "హాల్లో నలుగురి ముందూ నన్ను పట్టుకుని... నా భుజాల మీద ఎక్కి చిలపలు ఆరేసిన పిల్ల..."

"రేపు నన్ను అడుగుతారు నాన్నా."

"అడిగితే చూసింది చెప్పు. రంగు రాలేదని చెప్పు. అది నిజమే కదా!"

"నిజమైతే నువ్వు నా మొహం ఎందుకు చూడట్లేదు?"

ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంతకాలం మనసులో చెప్పుకున్న మాటలన్నిట్లోకీ అది ఒక్కటే రంగు వెలవకుండా బయటికొచ్చింది. నాన్న అప్పుడు చూశాడు. కోపంగా కాదు. ఎవరో కొత్త మనిషి తన ఇంట్లోకి వచ్చి కూర్చుంటే చూసినట్టు చూశాడు. ఆ చూపు ఆమె భరించలేకపోయింది. పక్కనుంచి దూరి, పెరట్లోంచి వీధిలోకి వచ్చేసింది.

సాయంత్రం దాకా ఎక్కడెక్కడ తిరిగిందో! వెలుతురు తగ్గి మబ్బులు కిందికి దిగుతుంటే, కాళ్లే ఆమెను అక్క ఇంటికి తీసుకెళ్లాయి. బావ బస్సు డ్రైవరు. రాత్రి డ్యూటీకి వెళ్లాడు. అక్క ఒక్కతే నేల మీద కూర్చుని పాపకు అన్నం పెడుతోంది. పాప సగం తింటోంది, సగం జుట్టుకు రాసుకుంటోంది.

"అక్కా, నీకొకటి చెప్పాలి."

"నీలి కదూ?" అంది అక్క, ముద్ద కలుపుతూనే.

పరధ్యానం గోడకు ఆనుకుంది.

"నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నేనే. రాగి పొర నాకు తెలియదా? నువ్వేమో అబ్బా ఎంత బాగుందో అని చూస్తున్నావు, నేనేమో నాన్నా ఎంత పని చేశావని చూస్తున్నా."

"మరి అక్కడే చెప్పొచ్చు కదా!"

"ఏమని చెప్పను?" అక్క గొంతు తగ్గించింది, పాప భయపడుతుందని. "హాల్లో లేచి ఆయన మాట కాదన్నా. అదంటే వేరు. గొట్టం ఎటు పోతుందో ఆయనకి తెలియకపోవచ్చు, నాకు తెలియకపోవచ్చు. కానీ నాన్న మోసం చేశాడని వీధిలో అందరి ముందూ అరవాలా? నోరు తెరిచాను కూడా. రాలేదు."

"మూత తీసేదాకా ఆయనకి తెలియదటక్కా. డ్రమ్ములోకి నీలి వంపించింది నాయనమ్మ."

అక్క చెయ్యి ఆగింది. కళ్లలో ఏదో వెలిగి, వెంటనే నీళ్లతో మసకబారింది. "అంతేనా? ముందే అనుకుని చెయ్యలేదా?" అని అడిగింది. రెండుసార్లు అడిగింది. "అయితే ఇంకా టైముంది. రేపు హాల్లో అడిగేలోపు ఆయనే చెప్పేస్తాడు. చెప్తాడే. మనం ఆయన్ని చెప్పనిద్దాం."

అప్పుడు వాన మొదలైంది.

తుంపర కాదు. రేకుల మీద ఎవరో గులకరాళ్లు గుమ్మరించినట్టు మొదలై, ఇక ఆగలేదు. వీధిలో తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి. అక్క తొందరపడకుండా, అలవాటైన చేతులతో, బియ్యం డబ్బా ఎత్తి మంచం మీద పెట్టింది. చెప్పులు కిటికీలో పెట్టింది. పాపని ఉయ్యాల్లో వేసి, ఉయ్యాల తాడు రెండు ముళ్లు పైకి బిగించింది. "పొద్దున తుంపరకే స్థలం తడిసి ఉంది కదా, ఇంత వాన ఒక్కసారిగా తాగలేదు. తొందరగా వస్తాయి" అంది, చుట్టాల గురించి చెప్పినట్టు.

వచ్చాయి. గుమ్మం కింద సన్నటి నాలుకలా మొదలై, గది మధ్యదాకా మెల్లగా పాకాయి. పరధ్యానం పాదాలు చల్లబడ్డాయి. కిందికి చూసింది. చీకటి పడుతోంది కాబట్టి అలా కనిపిస్తోందేమో అనుకుంది. అక్క దీపం తెచ్చి కిందికి పట్టింది.

గదంతా నీలం.

గొట్టంలో కూర్చున్నదంతా వాన ఊడ్చుకొచ్చింది. నీళ్లు నెమ్మదిగా కదులుతుంటే నేల మీద ఆకాశం పరిచినట్టుంది. అందులో ఉయ్యాల నీడ ఊగుతోంది. పాప వేలు చూపించి ఏదో అంది, నవ్వింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్క క్షణం కదలలేదు. అంత అందమైనది, అంత భయం వేసేది, ఒకటే అవుతుందని వాళ్లకు తెలియదు.

ముందు అక్క తేరుకుంది. "వీధిలో అందరి ఇళ్లలోకీ వచ్చుంటుంది. వాన తగ్గగానే బయటికొస్తారు. చూస్తారు. పొద్దున రాని రంగు ఇప్పుడెందుకొచ్చిందని ఆలోచిస్తారు. ఆ తర్వాత నాన్న చెప్పినా, పట్టుబడ్డాక చెప్పినట్టే. పరిగెత్తవే! వాన తగ్గకముందే ఆయన చేత చెప్పించు!"

పరిగెత్తింది. ఏటవాలు వీధి వాగులా ఎదురొస్తోంది. తాళాలతని బల్ల, రొట్టెల దుకాణం మూసిన తలుపు, అన్నీ నీళ్లలోంచి చూసినట్టు వణుకుతున్నాయి. ఇంటి గుమ్మంలో నాయనమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

"నాన్న ఏడీ?"

"ఇప్పుడే ఇంజనీరమ్మ ఆఫీసుకి వెళ్లాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గొడుగు తీసుకోరా అంటే వినకుండా..." నాయనమ్మ మాట మధ్యలో ఆపేసి మనవరాలి కాళ్ల వైపు చూసింది. ఇంత వానలో పరిగెత్తి వచ్చినా నీలి ఆ పాదాలను వదల్లేదు. "ఎక్కడ తొక్కావే అది?"

"అక్క ఇంట్లో."

నాయనమ్మ గుమ్మం పట్టుకుంది.

కౌన్సిల్ హాలు పక్కనే ఇంజనీరమ్మ గది. కిటికీలో పసుపు వెలుతురు వానలో చెదిరి, నేల మీద పాకుతోంది. నిజం చెప్పడానికే వచ్చి ఉంటాడు, ఉతికిన చొక్కా అందుకే, అనుకుంటూ ఆమె వరండా ఎక్కింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలినుంచి నాన్న గొంతు మామూలుగా, మర్యాదగా వినిపించింది.

"రంగు రాలేదని మా అమ్మాయే చెప్తుందండీ. అది అబద్ధమాడే పిల్ల కాదు."

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఒంటి మీది నీళ్లు వరండా గచ్చు మీద కారుతున్నాయి. వెనక్కి వెళ్లిపోవాలనిపించింది. అంతలో ఇంజనీరమ్మ తలెత్తి చూసింది.

"అరే, మాటల్లోనే వచ్చింది. రామ్మా, అలా తడుస్తావేం? మీ నాన్నగారు నీ గురించే చెప్తున్నారు. రేపటిదాకా ఎందుకు, ఇక్కడే చెప్పు. ఏం చూశావు?"

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. తెల్లటి గచ్చు మీద ఒక అడుగు. ఇంకో అడుగు. ఇంజనీరమ్మ ఆమె మొహమే చూస్తోంది. కుర్చీలో కూర్చున్న నాన్న మాత్రం తల తిప్పి, కూతురి మొహం వైపు కాకుండా, ముందు నేల వైపు చూశాడు. గడపనుంచి తన దాకా వచ్చిన ఆ నీలపు అడుగులను ఒక్కొక్కటీ చూశాడు. అవి ఎవరింట్లోంచి వచ్చాయో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

లేచి నిలబడ్డాడు.

తండ్రీ కూతురూ ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.